రాక్ పాటకి వేపమండ

వేదిక మీద కూతురు జడ విప్పి జుట్టు విరబోసుకోగానే గోవిందరావు తల దించేసుకున్నాడు.

చోడవరంలో ఎరువుల కొట్టు పెట్టుకుని, పదిమందితో మంచి అనిపించుకున్న మనిషి. ఆ పదిమందీ ఇవాళ కల్యాణమండపంలో తన వెనక కుర్చీల్లోనే ఉన్నారు. కూతురు ప్రత్యూష వైజాగ్‌లో ఉద్యోగం చేస్తూ రాక్ పాటలు నేర్చింది. నేర్చి ఊరుకుందా? తాతల కాలం నాటి ఇంగ్లీషు రాక్ పాటలు పది ఏరి, తన గొంతుతో మళ్లీ పాడి ఆల్బమ్ తయారుచేసింది. అలా ఒకరి పాట ఇంకొకరు పాడితే కవర్ అంటారట. గోవిందరావుకి తెలిసిన కవర్లు కొట్లో మేకుకి వేలాడుతుంటాయి.

ఆల్బమ్ విన్న ప్రేమ్‌కుమార్ అనే ఆయన వైజాగ్ నుంచి వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ఆయనకి పాటలు విడుదల చేసే కంపెనీ ఉంది. ఆయన ఊ అంటే ఆల్బమ్ జనంలోకి వెళ్తుంది. కాకపోతే ఒక మెలిక పెట్టాడు.

“ఏమీ అనుకోకండి గోవిందరావుగారూ. ఈ రోజుల్లో కంప్యూటర్ ఎలాంటి గొంతునైనా తయారుచేసి పెడుతోంది. ఇది మీ అమ్మాయి గొంతే అని ఎదురుగా వింటేగానీ నమ్మను. ఒకసారి మోసపోయాను.”

ప్రత్యూషకి ఇదే ప్రాణం. సెలవు దొరికితే చాలు, గోవాడ దారిలో వాడకం లేని బెల్లం షెడ్డులో కుర్రాళ్లని వెంటేసుకుని ఒకటే సాధన. ఈ వారమైతే పగలూ లేదు, రాత్రీ లేదు. ఇవాళ పొద్దున్న టిఫిన్ కూడా వద్దని తల ఊపేసింది. కంగారు కాబోలు అనుకున్నాడు గోవిందరావు.

డ్రమ్ములు మోగాయి. దిలీప్ అనే కుర్రాడి గిటారు గుయ్యిమంది. ప్రత్యూష తల విసురుతూ వేదికంతా తిరిగింది. ఆ మోత తగ్గాక ఇక గొంతు అందుకోవాలి. మైకు నోటి దగ్గరికి తెచ్చుకుంది.

అదిగో, సరిగ్గా అప్పుడే గోవిందరావు తల్లి నరసమ్మ లేచింది.

ఊళ్లో గౌరమ్మ సంబరాల్లో ఎవరిమీదికి అమ్మవారు వచ్చినా నరసమ్మనే పిలుస్తారు. పూనకాన్ని చల్లబరచడంలో ఆవిడది అందెవేసిన చెయ్యి. ఆ చెయ్యే ఇప్పుడు సంచీలోంచి వేపమండలు, పసుపునీళ్ల సీసా తీసింది. ఎవరైనా ఆపేలోగా వేదికెక్కేసి, మనవరాలి చేతిలో మైకు లాగి పక్కన పడేసి, సీసాడు నీళ్లూ నెత్తిన గుమ్మరించింది.

“శాంతించు తల్లీ, శాంతించు. నీకేటి కావాలో సెప్పు. సీర కావాలా, సద్ది కావాలా?”

డ్రమ్ములు ఆగిపోయాయి. మండపంలో సగం మంది పడీ పడీ నవ్వారు. సగం మంది లేచి దండాలు పెట్టారు. అప్పయమ్మ అనే ఆవిడైతే ఏకంగా ప్రత్యూష కాళ్లమీద పడి, “మా గుంటడికి ఉద్యోగం వస్తాదా తల్లీ,” అని అడిగింది. పసుపునీళ్లు కారుతున్న మొహంతో ప్రత్యూష బిక్కచచ్చి చూసి, వస్తుందన్నట్టు తల ఊపింది. ఇదంతా జనం ఫోన్లలో తీసుకుంటున్నారు.

భూమి బద్దలై మింగేస్తే బాగుండుననిపించింది గోవిందరావుకి.

ప్రేమ్‌కుమార్ కళ్లనీళ్లు తుడుచుకునేదాకా నవ్వాడు. “ఫర్వాలేదండీ. పెద్దావిడ హడలిపోయారు, అమ్మాయి తప్పేముంది? వచ్చే నెల వైజాగ్‌లో పెట్టుకుందాం. ఆవిణ్ణి మాత్రం తీసుకురాకండి,” అని కారెక్కాడు.

ఆ చివరి మాట గోవిందరావుకి ములుకులా దిగింది. ఇంటికి రాగానే తల్లిమీద విరుచుకుపడ్డాడు.

“అమా, నీకు బుర్ర పనిసేస్తందా? అది ఇంటికొచ్చినప్పుడల్లా ఆ పాటలు ఇంటన్నావు కదా. పాటకీ పూనకానికీ తేడా తెలీదేటి? రేపట్నించి నేను కొట్టు తియ్యాలా వద్దా?”

“ఏటో నాయనా, ముసిల్దాన్ని. జుట్టు ఇరబోసుకుంటే అమ్మోరే అనుకున్నాను.”

“సిన్నపిల్లలు నయం నీకన్నా. ఇంక ఏ ఫంక్షనుకీ నువ్వు రావద్దు.”

నరసమ్మ కొంగుతో మొహం తుడుచుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. తడి జుట్టుతో ప్రత్యూష కూడా ఆవిడ వెనకే వెళ్లింది. ఇక నాయనమ్మని దులిపేస్తుందనుకున్నాడు గోవిందరావు. దులపనీ, తిక్క కుదురుతుందనుకున్నాడు.

లోపల్నించి అరుపులేవీ రాలేదు. కాసేపటికి అతనికే మనసొప్పలేదు. ఎంత చాదస్తమైనా కన్నతల్లి. ఊరంతా నవ్వింది ఆవిణ్ణి చూసే కదా. ఓ మంచిమాట అందామని వంటింటి గుమ్మం దాకా వెళ్లి, అక్కడే ఆగిపోయాడు.

ప్రత్యూష నాయనమ్మ ఒళ్లో తల పెట్టుకుని ఏడుస్తోంది. పక్కన గ్లాసులో మిరియాల పాలు పొగలు కక్కుతున్నాయి. నరసమ్మ మనవరాలి వీపు నిమురుతూ అంటోంది:

“మాటాడకే గుంటా, పొద్దున్న నన్ను పిలవబోతే నీ నోట గాలే తప్ప మాట రాలేదు సూడు, అప్పుడే ఆ ఏపమండలు కోసి సంచీలో ఎట్టుకున్నాను.”