వల ముడి

"ముట్టుకోకు బాబాయ్. నా మాట విను" అంది నార్సిసా.

రబ్బరు పడవ నడిపే ఎలియెసెర్ అప్పటికే దిగి, మోకాలి లోతు నీళ్ళలో నడుస్తున్నాడు. నల్లటి లావా బండ మీద సముద్ర సింహం పిల్ల పడి ఉంది. మెడకు తెగిన వల ముక్క బిగుసుకుపోయింది. అరవబోతే గొంతు పెగలడం లేదు దానికి.

పొద్దున్నుంచి ఫెర్నాండినా దీవి ఒడ్డున ఇగ్వానాలనీ, ఎగరలేని నీటికాకులనీ చూసి మురిసిన ప్రయాణికులు ఇప్పుడు పడవ అంచుకి చేరి అటే చూస్తున్నారు. నార్సిసా మెడలోని గైడు బిళ్ళను ఆకుపచ్చ పట్టీతో సహా ముందుకు లాగి చూపించింది.

"ఇది మెళ్ళో వేసుకుని ఊరుకోలేను. జంతువుకి ఆరడుగుల దూరం. నీకు నేను చెప్పాలా? నేషనల్ పార్కు వాళ్ళకి రేడియోలో చెప్పాను, రేపు మధ్యాహ్నానికి వస్తారు."

"రేపటిదాకా దీనికి ఊపిరుండాలిగా."

"నేను రిపోర్టు రాయాల్సొస్తుంది. ఇరవై ఏళ్ళ ఉద్యోగం పోతుంది నీకు."

"రాయి అమ్మాయీ. నీ చెయ్యి పట్టుకున్నానా?"

ఎలియెసెర్ పిల్లని మోకాళ్ళ మధ్య అదిమి, చాకుతో వల కోశాడు. అది అతని మణికట్టు కొరికి నీళ్ళలోకి దూకింది. మేలు చేసినవాడికి దక్కే బహుమతి ఎక్కడైనా అదేగా.

రాజధాని కీతో నుంచి వచ్చిన టీచరమ్మ ఒర్తెన్సియా కళ్ళు తుడుచుకుంది. "ఏ పాపిష్టివాళ్ళు పారేశారో ఈ వల."

"తెలుసుకోవడమెంతసేపు?" అంది నార్సిసా. "మా ఊరు విల్యమీల్‌లో చిరిగిన వల ఎవరు బాగుచేసినా చివరి ముడికి తమ గుర్తు కడతారు. ఒకరు ఎర్ర దారం, ఒకరు గుడ్డపేలిక. ఆ గుర్తు పార్కుకి పంపిస్తా. ఆ ఇంట్లో ఇంకెవరూ వల పట్టకూడదు."

ఎలియెసెర్ వల ముక్కని నలిపి జేబులో కుక్కుకున్నాడు.

"ఇటివ్వు బాబాయ్."

"నాదేలే. నా పేరే రాసుకో."

"నువ్వు వల పట్టి ఎన్నేళ్ళయింది? ఎవర్ని వెనకేసుకొస్తున్నావ్?"

అతను పడవ వైపు తిరిగాడు. మణికట్టు నుంచి రక్తం కారుతోంది. తుడుచుకోనైనా లేదు.

"నీకున్న జాలి నాకు లేదనుకోకు. పారేసినవాళ్ళని వదిలేస్తే రేపు ఇంకో పిల్ల" అంటూ నార్సిసా చొరవగా అతని జేబులో చెయ్యి పెట్టి వల ముక్క లాగింది. విప్పి, ముడి వెతికింది.

"అమ్మాయీ, వద్దు" అన్నాడు ఎలియెసెర్ మెల్లగా.

ముడికి ఆకుపచ్చ పట్టీ పీలిక ఉంది. పోయిన ఆదివారం నాన్న వల బాగుచేస్తూ దారం చాలక, తన పాత గైడు బిళ్ళ పట్టీ చింపి, నార్సిసా స్వయంగా కట్టిన ముడి అది.