నాలుగు వేళ్ల దూరం

పొద్దున్నుంచి పదోసారి బల్బు ఆరిపోయింది.

నాగబాబు తల పట్టుకున్నాడు. ఛీ, పాడు సెన్సారు! రెండు వేళ్ల దూరం దాటితే చాలు, దీనికి అయస్కాంతం ఆనదు.

భావనపాడులో అతనిది సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు. ఇప్పుడు నెత్తికెత్తుకున్నది పడవ ఇంజను పని. చేతి పట్టీలో అయస్కాంతం, ఇంజను పిడి మీద సెన్సారు. మనిషి నీళ్లలో పడితే అయస్కాంతం దూరమై ఇంజను ఆగుతుంది, పడవ వాణ్ణి వదిలేసి పోదు. బల్బు వెలిగితే ఇంజను నడుస్తున్నట్టు, ఆరితే ఆగినట్టు.

అలకి చెయ్యి కాస్త జరిగినా ఆగిపోతే ఎలా? రేపు బావమరిది గంగులు దీన్ని పెట్టుకుని ఒంటరిగా వేటకెళ్తున్నాడు. ఒక్కసారి ఉత్తినే ఆగినా పీకి సముద్రంలో పారేస్తానని ముందే చెప్పాడు.

పెద్ద అయస్కాంతం పెట్టి చూశాడు. రెండు కలిపి చూశాడు. పట్టీ బరువెక్కింది గానీ దూరం పెద్దగా పెరగలేదు.

ఇది చాలదన్నట్టు బల్ల దగ్గర ఓ ముసలాయన. ఏ ఊరివాడో ఏమో, గంట నుంచి కదలడు.

"దూరం సాల్లేదు బావూ."

"నాకు తెలదేటి?"

"అల కొడితే సెయ్యి ఇంత జరుగుతాది." నాలుగు వేళ్లు చూపించాడు.

"సూస్తన్నాను కదా తాతా!"

"సెన్సారు ఎనక ఇనప బోల్టు ఎట్టి సూడు. ఇనుము అయస్కాంతాన్ని లాగదేటి?"

"ఇది సెన్సారు, గాలం కాదు!" నాగబాబుకి ఒళ్లు మండింది. "అసలు నాకీ తిప్పలెందుకు? ఇంజనుతో పాటు తాడిస్తారు, సేతికి కట్టుకోమని. మనిషి పడితే తాడు లాగి ఇంజను ఆగుతాది. మనోళ్లేటి సేస్తారు? వలకి అడ్డమని దాన్ని ఇంజనుకే కట్టేస్తారు! ఇంక మనిషి పడినా అది ఆగదు! అలా కట్టిన ఎదవల్ని ముందు సముద్రంలోకి తొయ్యాల!"

ముసలాయన తన చేతులకేసి చూసుకున్నాడు.

"ఇక లే తాతా, నీకు దండం. పని సేసుకోనీ."

ఆయన లేచాడు. పాత సామానులోంచి బోల్టు ఒకటి ఏరి, నాగబాబు ముందుకి జరిపి వెళ్లిపోయాడు.

కాసేపు దాన్ని కోపంగా చూశాడు నాగబాబు. ఇంక చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. విసుక్కుంటూనే సెన్సారు వెనక బోల్టు ఆనించాడు.

బల్బు వెలిగింది. చెయ్యి జరిపాడు. మూడు వేళ్లు. వెలుగుతూనే ఉంది.

నాలుగు!

"ఓర్నాయనో!"

చెప్పులేసుకోకుండా బస్టాపుకి పరుగెత్తాడు. బస్సు అప్పుడే కదిలిపోయింది. చేపల బుట్ట పక్కన కూర్మమ్మ ఒక్కతే ఉంది.

"పిన్నీ, ఆ ముసలాయన ఏడీ?"

"ఇప్పుడే బస్సెక్కినాడు. పొద్దున్నుంచి ఏటీ తినలేదు పాపం. మొకం అదోలా ఎట్టుకుని ఎల్లిపోనాడు."

"ఎవరాయన?"

"కళింగపట్నం దాలయ్య. నువ్వేటో సేస్తన్నావని ఇని అంత దూరం నుంచి వచ్చినాడు. పోయినేడు ఒట్టి పడవ ఇంజను ఆడతానే ఒడ్డుకొచ్చినాది కదేటి? పడిపోయిన కుర్రోడు ఆయన కొడుకే."

నాగబాబు బస్సు పోయిన దారికేసి చూశాడు.

కూర్మమ్మ బుట్ట మీది గుడ్డ సర్దింది.

"వలకి అడ్డమొస్తాదని, ఆ పొద్దు కొడుకు సేతి తాడు ఇప్పి ఇంజనుకి కట్టింది ఆయనే."