మనసొప్పని పని

లారీ డ్రైవరుకి రెండు చేతులకీ కట్లున్నాయి. నర్సు చెంచాతో పాలు పట్టబోతే మొహం తిప్పుకున్నాడు.

“నేనెవర్నో తెలుసా, సిస్టర్?”

“తెలుసు. మా అబ్బాయి మీ లారీ కిందే పోయాడు. నోరు తెరవండి.”

అతడు రెండు గుక్కలు తాగాడు.

“మీరు చర్చికెళ్ళేవాళ్ళట. నన్ను క్షమించేశారా అమ్మా?”

“లేదు.” ఆమె గొంతులో కోపం కూడా లేదు. “పాస్టరుగారు అడిగినా లేదనే చెప్పాను.”

“మరి మిమ్మల్ని వేరే వార్డుకి మారుస్తామంటే వద్దన్నారటగా?”

“మనసొప్పితే ఎవరైనా చేస్తారు. ఒప్పకపోయినా చెయ్యమన్నాడు ప్రభువు.”

అతడికి ఏడుపు ముంచుకొచ్చింది. కళ్ళు తుడుచుకుందామంటే చేతులు ఎత్తలేకపోయాడు. ఆమె చెంచా పక్కన పెట్టి, తన చేతిరుమాలుతో తుడిచింది.

కొడుకు పోయి ఇరవై రోజులైంది. ఆ చేతిరుమాలు తడవడం అదే మొదటిసారి.