వెనక సీటు వద్దండీ

తిరువూరు బస్టాండులో దిగీ దిగగానే ఒకాయన ఎదురొచ్చాడు.

“కొత్తా అండీ? పెనుగొలను వైపేనా?”

రిబ్కా బ్యాగు దగ్గరికి లాక్కుంది. గుడివాడ నుంచి ఒంటరిగా వచ్చింది. టీచరుగా కొత్తగా ఉద్యోగం వచ్చింది. రేపు సాయంత్రంలోగా ఆన్‌లైన్‌లో బడి ఎంచుకోవాలి. ఒకసారి ఎంచుకుంటే మళ్లీ బదిలీల దాకా ఆ ఊళ్లోనే ఉండాలి, అదీ ఒక్కతే. అందుకే దసరా సెలవుల్లో ఊళ్లు చూసుకుందామని బయల్దేరింది. ఆ సంగతి ఈయనకెలా తెలుసు?

“చేతిలో ఖాళీల లిస్టు కనబడుతోందిగా,” ఆమె అనుమానం కనిపెట్టినట్టు అన్నాడాయన. నలభై అయిదేళ్లుంటాయి. పేరు ఆదిశేషయ్య అట. ఏం చేస్తారని అడిగితే, “ఇక్కడే లెండి,” అన్నాడు.

ఇక సలహాలు మొదలయ్యాయి. లాడ్జి జోలికి వెళ్లొద్దు. టిఫిను స్టాండు లోపల వద్దు, గేటు పక్క బండి మీద ఇడ్లీ తినాలి. షేర్ ఆటోలో వెనక సీటు వద్దు, మధ్య సీటు మంచిది. ఆరు దాటితే ఆటోలుండవు.

అడక్కుండా ఇన్ని చెప్పేవాడిని నమ్మొచ్చా? అమ్మ వింటే ఈపాటికి కేకలు పెట్టేది.

ఇడ్లీ బండి ఆవిడ చట్నీ వేస్తూ గొంతు తగ్గించింది. “మూడ్రోజుల్నించీ పొద్దున్నే వచ్చి కూచుంటన్నాడమ్మా. బ్యాగేసుకుని ఆడపిల్ల దిగితే చాలు, లేచి ఎదురెళ్తాడు.”

రిబ్కా ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టేసింది. తిరిగి వెళ్లిపోదామా అనుకుంది. చూడకుండా బడి ఎంచుకోవడమెలా? తానెక్కడుందో చెల్లెలు మేఘనకి ఫోన్లో మెసేజ్ పెట్టి, ఆటో మధ్య సీట్లో ఇద్దరు ఆడవాళ్ల నడుమ ఇరుక్కుంది. ఆయన డ్రైవరు పక్కన ఎక్కాడు.

పెనుగొలను దాటాక చిన్న పల్లె, అక్కడి బడి లిస్టులో ఉంది. ఆదిశేషయ్య తీసుకెళ్లి, ప్రేమావతి అనే ఆవిడ మేడ మీద గది చూపించాడు. కొత్త సున్నం, కొత్త బల్బు, తలుపుకి కొత్త గడియ.

“అన్నీ ఈయనే దగ్గరుండి చేయించాడమ్మా,” అంది ప్రేమావతి.

“ఎందుకు?”

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుకో, మరి దేనికో.

రిబ్కా లోపలికెళ్లి గడియ వేసి, గట్టిగా లాగి చూసింది. గోడలకి కన్నాలున్నాయేమోనని వెతికింది. ఏమీ లేవు. అదీ అనుమానంగానే ఉంది.

“ఇక్కడి బడిలో ఇప్పుడున్న మాష్టారు ఎలాంటివారండీ?” కిందికొచ్చి అడిగింది.

ఆదిశేషయ్య చెప్పు సరిచేసుకున్నాడు. “ఉన్నాడులెండి ఒకాయన. పాపం మంచోడే అంటారు. ఆయనతో మీకు ఏ ఇబ్బందీ ఉండదు.”

ఆ రాత్రికి ఇంటికెళ్లి, మర్నాడు మళ్లీ వచ్చి ఇంకో రెండు ఊళ్లు చూసింది. ఒక ఊళ్లో పెళ్లికాని పిల్లకి గది ఇచ్చేది లేదన్నారు. ఇంకో ఊళ్లో గది ఉంది, గడియ లేదు. సాయంత్రం లిస్టు ముందేసుకుని చాలాసేపు కూర్చుంది. చివరికి మొదట చూసిన పల్లె బడే ఎంచుకుంది. ఆయన మీద నమ్మకంతో కాదు, గడియ మీద నమ్మకంతో. ఆ మనిషి మళ్లీ ఎదురుపడితే మాత్రం నేరుగా పోలీసులకే చెప్పాలనుకుంది.

చేరే రోజు బడి గుమ్మంలో ఆయనే నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, పక్కన సూట్‌కేసు. రిబ్కా ఒళ్లు మండిపోయింది. ఫోను తీసింది.

“రండి మేడం,” అంటూ బడి తాళాలు ఆమె చేతిలో పెట్టాడు ఆదిశేషయ్య, “మా ఆవిడుండే అవనిగడ్డకి నాకు బదిలీ అయి రెండేళ్లయింది, నా చోట్లోకి ఇంకో టీచరు వచ్చి చేరితేగానీ ఈ బడి నుంచి నన్ను వదిలేది లేదన్నారు పైఆఫీసర్లు.”