గుమ్మడిపూల దొంగ

"ఇగో, మళ్ల చింపి పడేసిండ్రు! వీళ్ల చేతులు విరుగ!"

తెల్లారీ తెల్లారకముందే వందన కేక చేను దాటి ఖానాపూర్ రోడ్డు దాకా వినిపించింది.

గుమ్మడి సాళ్ల మధ్య పసుపుపచ్చని పూరేకులు చిందరవందరగా పడి ఉన్నాయి. మూడు రోజులుగా ఇదే వరస.

చంకలోని ఏడాదిన్నర పాప ఆ కేకకు ఉలిక్కిపడి ఏడుపందుకుంది.

"జర మెల్లగ అనరాదే. పూలే గదా," అన్నాడు మొగుడు మల్లేష్, నోట్లో వేపపుల్లతో.

"పూలే గదానా? పువ్వు పోతే కాయ యాడికెల్లి వస్తది? కాయ రాకుంటే నువ్వు యాడుంటవ్?"

మల్లేష్ వేపపుల్ల నమిలి ఉమ్మేశాడు.

అతను దుబాయి నుంచి వచ్చి ఆరు నెలలైంది. గుమ్మడి కాస్తే ఇక్కడే ఉండిపోవాలి. కాయకపోతే దసరా దాటగానే మళ్లీ విమానమెక్కాలి. మొగుడూ పెళ్లాల మధ్య ఒప్పందం అది.

అందుకే ఒక్క పువ్వు రాలినా వందన ప్రాణం ఉసూరుమనేది.

మరునాడు కోడి కూయగానే పాపను చంకనేసుకుని ఒడ్డు మీద కాపు కాసింది.

దొంగ దొరికింది.

ఎవరో ముసలామె. ఎన్నడూ చూసిన ముఖం కాదు. కొంగు నడుముకు చెక్కి, సాలులో గొంతుకూర్చుని, పువ్వు తెంపి రేకులు చింపి పక్కన పడేస్తోంది. మిగిలిన కాడను ఇంకో పువ్వు నోట్లో పెట్టి రుద్దుతోంది.

"ఏయ్ ముసల్దానా! నీ అయ్య జాగీరా ఇది?"

ముసలామె చెయ్యి ఆపలేదు. "జర ఆగు బిడ్డా. ఎండెక్కితే పువ్వు ముడుసుకుంటది."

"సిగ్గు లేదా? తెంపుకుంట, నన్నే ఆగుమంటవా?"

"తెంపేది మగపువ్వు బిడ్డా. అది కాయదు. దాని పుప్పొడి ఆడపువ్వుకు అంటాలె. ఇగో, కింద గోలీ అంత పిందె ఉన్నది సూడు, గిది ఆడపువ్వు."

"పువ్వులల్ల ఆడోళ్లు, మొగోళ్లా? లగ్గం గూడ జేస్తవా ఏంది?"

"లగ్గమే అనుకో," నవ్వింది ముసలామె. "గా పని తేనెటీగలది. చుట్టు పత్తి చేన్లకు మందు కొట్టి కొట్టి ఈగ అన్నది లేకపాయె."

వందనకు ఒళ్లు మండింది. ఏడో తరగతిలో బడి మాన్పించారు గానీ, పువ్వులు తెంపితే కాయలు కాస్తాయని నమ్మేంత పిచ్చిదా తను?

అంతలో పాప చెయ్యి చాపింది. ముసలామె లేచి వచ్చి, ముద్దుగా దాని బుగ్గ నిమిరింది.

బుగ్గ మీద పసుపు మరక.

వందన పాపను వెనక్కి లాక్కుంది. చింపిన పూలు, తెల్లవారుజాము, ముక్కూ ముఖం తెలియని మనిషి, పిల్ల ముఖాన పసుపు!

"మంత్రం జేస్తున్నవా నా పిల్లకు? నడువ్ ఈడికెల్లి! ఇంకోపారి ఈ చేన్ల కాలు వెట్టినవో, మంచిగుండది!"

"పుప్పొడి బిడ్డా అది... ఇంకో వారం జేస్తే చేనంత..."

"నడువ్వంటున్న!"

ముసలామె చేతులు దులుపుకుని ఒడ్డు దిగి వెళ్లిపోయింది.

వందన పాప బుగ్గను కందిపోయేదాకా కొంగుతో తుడిచింది. ఇంటికి వెళ్లి ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసింది. అయినా మనసు నిలవక, రాత్రికి ఇంకోసారి తీసింది.

తరువాత చేను నిండా పూత. ఒక్క రేకు చిరగలేదు.

"సూసినవా? నేను గట్టిగుంటెనే చేను దక్కింది," అంది మల్లేష్‌తో.

పదిహేను రోజులకు పిందెలు పండుబారి, ముట్టుకుంటే రాలిపోసాగాయి. ఒడ్డు పక్కన నాలుగు సాళ్లలో మాత్రం కాయలు చెంబులంత ఊరాయి.

కబురు పెడితే వ్యవసాయాధికారి వచ్చాడు. ఒక కాయ మూతికి అంటుకుని ఎండిపోయిన ఇంకో పువ్వు కాడను గోటితో తీసి చూశాడు.

"ఈ నాలుగు సాళ్లకు క్రాసింగ్ ఎవరు చేసిండ్రు?"

"క్రాసింగ్ అంటే ఏంది సార్?" అడిగాడు మల్లేష్.

"మగపువ్వు తెంపి ఆడపువ్వుకు రుద్దుడు. తేనెటీగల పని చేత్తోని చేసుడన్నట్టు. మంచి పనోళ్లే చేసిండ్రు. మిగతా చేనుకు ఎందుకు చేపియ్యలే?"

వందన ఒక్క అడుగు ముందుకేసింది. "ఇప్పుడు చేస్తే సార్?"

"పూత దిగిపోయిందమ్మా."

మల్లేష్ ఒడ్డు మీద కూర్చుని ఏజెంటుకు ఫోన్ కలిపాడు. "ఆ, భాయ్... పాస్‌పోర్టు రేపు తెస్త."

వందన పాపతో సహా పరుగు తీసింది. ముసలామె గురించి నాలుగిళ్లు అడిగితే, వెనక వాడలో ఉండే భూమవ్వ దగ్గర ఆచూకీ దొరికింది.

"కొమురవ్వనా? నాకు అక్క వరస. కరీంనగర్ దిక్కు విత్తనాల చేన్లల్ల క్రాసింగ్ మేస్త్రి. నెల రోజులు ఉందామని నా తానికి వచ్చింది. మొన్ననే వాళ్ల ఊరికి పోయింది."

"ఒక్క మాట నన్ను అడిగి చేస్తే ఏమయితుండె అత్తా?" వందన ఏడుస్తూనే కసిరింది.

"అడుగుతననే పోయింది. నువ్వు ఎప్పుడు జూసినా ఎవరినో తిట్టుకుంటనే ఉంటివాయె."

"అసలు నేనేమయిత ఆమెకు? గంత పొద్దుగాల లేశి, వంగి, నా చేన్ల ఎందుకు చెయ్యాలె?"

భూమవ్వ బియ్యం ఏరడం ఆపింది.

"గుమ్మడి కాయకుంటే మల్లేష్ మళ్ల దుబాయి పోతడని నేనే ఒకనాడు నోరుజారిన," అంది. "ఆమె పెనిమిటి గాడికెల్లి శవమై పెట్టెల వచ్చిననాడు, ఆమె సంకల గూడ గింత పిల్లనే ఉండె."