సూరీడమ్మ గీత

మా విశ్వవిద్యాలయంలోని మెదడు పరిశోధన విభాగంలో దుఃఖం మిగిలి ఉన్నది ఒక్కరికే. ఆమె టీ కాచే సూరీడమ్మ. ఎవరైనా పోతే, పదకొండో రోజు భోజనాలయ్యాక తెలిసినవాళ్లందరూ క్లినిక్‌కి వెళ్లి, ఆ మనిషి జ్ఞాపకాన్ని తీయించుకుని రావడం ఇప్పుడు ఆనవాయితీ. సూరీడమ్మ ఎప్పుడూ వెళ్లలేదు. మిగతా మెదళ్లతో పోల్చి చూసుకోవడానికి తీయించుకోని మెదడు ఒకటైనా కావాలి కనుక, ప్రతి సోమవారం ఆమె తలకి తీగల టోపీ తొడిగి దుఃఖం ఎంతుందో కొలుస్తాం.

ఈ సోమవారం కూడా తెర మీద గీత ఎగిసిపడింది. ప్రొఫెసర్ వేదాద్రి గారు ఆమె ఫైలు తిరగేశారు.

"మీ ఇంట్లో అందరూ బాగానే ఉన్నారుగా సూరీడమ్మా. ఎవరి కోసం ఈ బాధ?"

"ఒక పాపుండీది బాబూ. బడయ్యాక ఈ బల్ల మీదే కూకుని టీలో బిస్కట్లు ముంచుకు తినీది. జొరమొచ్చి పోనాది."

"నీకేమవుతుంది?"

"నాకేటీ అవదు బాబూ."

"మరి కన్నవాళ్లు కదా బాధపడాల్సింది?"

"ఆలు మర్సిపోనారు. ఒకలైనా గుర్తెట్టుకోవాల గదా."

ఆయన ఫారం తీసి, పాప పేరు అడిగారు.

"హేమలేఖ."

"విచిత్రంగా ఉందే, నా కంప్యూటర్ పాస్‌వర్డ్ కూడా అదే!" అన్నారాయన. అది పదిమందికీ తెలిసిపోయింది కనుక, అక్కడికక్కడే మార్చేశారు.

సూరీడమ్మ గీత తెర అంచు దాటిపోయింది.

కారణం తెలియలేదని రాసుకున్నాం.