చర్చిలో పగటి నిద్ర

పియానో ముందు పలక విప్పేసరికి లోపల్నుంచి పత్తి బయటపడింది.

తీగలకీ, వాటిని కొట్టే చిన్న సుత్తులకీ మధ్య దుప్పటి పరిచినట్టు పరిచి ఉంది.

జాన్ బాషాకి ఒళ్లు మండింది.

గుంటూరులో హార్మోనియాలు బాగుచేయడంలో అతని తర్వాతే ఎవరైనా. ఆ మాట ఊరివాళ్లకంటే అతనే ఎక్కువసార్లు చెప్పేవాడు. పియానో మీద చెయ్యి వేయడం మాత్రం ఇదే మొదలు. ఇది పలికితే దుకాణం బోర్డు మీద హార్మోనియం పక్కన పియానో అని కూడా రాయించాలని అతని ఆశ. పలకకపోతే ఈ పర్చూరు చర్చివాళ్లు దీన్ని పాత సామాన్లవాడికి అప్పగించేస్తారు.

పత్తి కుక్కిందెవరని పాస్టరు ఏసుబాబు గారిని నిలదీశాడు.

ఆయనకీ తెలియదు. వాయించే దొరసాని వెళ్లిపోయి ముప్పై ఏళ్లయింది. పిల్లలు పాడుచేస్తారని అప్పుడే గుడ్డ కప్పి, 'ముట్టరాదు' అని అట్టముక్క తగిలించారు. ఆ తర్వాత దాని గొంతు విన్నవాళ్లు లేరు.

బాషా ఓ మెట్టు నొక్కి చూశాడు. పత్తి అడ్డం ఉండటంతో శబ్దం పక్కమనిషికి కూడా వినపడలేదు. మెట్టు మాత్రం వెన్నలో వేలు పెట్టినట్టు దిగి, మళ్లీ పైకి లేచింది.

"జర్మనీ కర్రండీ. ఇన్నేళ్లకీ చెక్కు చెదరలేదు," అన్నాడు, ఆ కర్ర తనే కోసినంత ధీమాగా.

అప్పుడే ఓ ముసలాయన తలుపు తోసుకుని లోపలికొచ్చాడు.

పేరు అంకమ్మరావు. పత్తి మిల్లులో కాటా దగ్గర పనిచేసి మానేసిన మనిషి. సంఘస్థుడు కాదు. అయినా రోజూ మధ్యాహ్నం అన్నం తినగానే వచ్చి, తలుపులు వేసుకుని, ఓ కునుకు తీసి వెళతాడట. లోపల చల్లగా ఉంటుంది, పోనీలే అని ఊరుకున్నామని పాస్టరు గారు నవ్వుతూ చెప్పారు.

ముసలాయన నేలమీద పడ్డ పత్తినే చూస్తున్నాడు.

"అది తీయకుండా బాగుచేయడం కుదరదాండీ?" అన్నాడు మెల్లగా.

బాషాకి దొంగ దొరికాడు. తలగడకి తెచ్చుకున్న పత్తి దాచుకోడానికి పియానోయే దొరికిందా అని ముసలాయన్ని దులిపేశాడు. ఆయన, తాను చిన్నప్పుడు దొరసాని గారి బడిలో చదువుకున్నానని ఏదో మొదలుపెట్టాడు. బాషా వినిపించుకోలేదు. ఈ మనిషిని మళ్లీ లోపలికి రానివ్వొద్దని పాస్టరు గారికి గట్టిగా చెప్పాడు.

అంకమ్మరావు గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, పియానో మీది పత్తి దూగర అరచేత్తో తుడిచి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత బాషా తిండి ధ్యాస లేకుండా పనిచేశాడు. తుప్పు పట్టిన తీగలు మార్చాడు. వదులైన మేకులు బిగించాడు. ఒక్కొక్క స్వరాన్నీ బుజ్జగించి దారికి తెచ్చాడు.

చర్చి పండగనాడు గుంటూరు నుంచి వచ్చినాయన వాయిస్తే రోడ్డు మీద పోయే ఆటోలు కూడా ఆగాయి. బాషా ఛాతీ ఉప్పొంగింది. ఇంకెవరూ చెయ్యి పెట్టకుండా మూతకి తనే కొత్త తాళం బిగించి, చెవి పాస్టరు గారికిచ్చాడు.

"ఇంక మీ మనవళ్ల కాలం దాకా దీనికి ఢోకా లేదండీ."

దుకాణం బోర్డు కూడా మారింది.

వానలు వెళ్లాక, క్రిస్మస్ ముందు, పాస్టరు గారు ఫోన్ చేశారు. తాళం తీసి చూస్తే నొక్కిన మెట్టు నొక్కినట్టే ఉండిపోతోందట. ఇదేం బాగుచేయడమని సంఘం పెద్దలు అడుగుతున్నారట.

బాషా మొదటి బస్సుకే వచ్చి వాలాడు. అన్నీ విప్పి చూశాడు. తన పనిలో వంక ఏమీ కనపడలేదు. ఎప్పుడూ చెప్పే మాటే ధైర్యంగా చెప్పాడు.

"వాయించకుండా మూసిపెడితే ఏదైనా వానాకాలానికి పట్టేస్తుందండీ. రోజూ చెయ్యి పడాలి."

"మరి ముప్పై ఏళ్లు మూసే ఉందిగా బాషా. అప్పుడెందుకు పట్టలేదు?"

బాషా జర్మనీ కర్ర అనబోయి ఆగిపోయాడు.

ఆ పత్తి గుర్తొచ్చింది. ముప్పై ఏళ్లనాటిదైతే పసుపు తిరిగి ఉండాలి. అది ఆ యేటి పత్తిలా తెల్లగా ఉంది. అంటే ఎవరో దాన్ని మారుస్తూ వచ్చారు. రోజూ మెట్ల మీద ఎవరి చెయ్యో పడింది. బయటికి వినపడకుండా పడింది.

ఒక అనుమానం మెదిలింది కానీ, బస్తాలు తూచిన ఆ చేతులా అని తనే కొట్టిపారేశాడు. అయితే రోజూ అక్కడ పడుకున్న మనిషి, వాయించింది ఎవరో చూసే ఉంటాడు. వాళ్లెవరో తెలిస్తే కాళ్లావేళ్లా పడైనా తీసుకొచ్చి పియానో ముందు కూర్చోబెట్టగలడు. ఆ నమ్మకంతో, తాళంచెవి జేబులో వేసుకుని, ముసలాయన ఇల్లు వాకబు చేసుకుంటూ మిల్లు వెనక సందులోకి వెళ్లాడు.

అంకమ్మరావు కూతురు వెంకటేశ్వరమ్మ వసారాలో కూర్చుని పత్తిలో చెత్త ఏరుతోంది. నాన్న వానల్లోనే పోయాడని చెప్పింది. చర్చికి వెళ్లడం మానేశాక మనిషి డీలా పడిపోయాడట.

బాషా జేబులోని తాళంచెవి తడుముకున్నాడు.

"రోజూ మధ్యాహ్నం నిద్రకి అక్కడికే వెళ్లేవారట కదమ్మా?"

ఆమె చేతిలో పత్తి పక్కన పెట్టి అతన్ని వింతగా చూసింది.

"నిద్రా? మా నాన్న పగటిపూట కన్ను మూయడం నేను పుట్టి బుద్ధెరిగాక చూళ్లేదండీ."